మా నాన్న మైకుసెట్టు

వాల్వుల ఆంప్లిఫయరు వేడెక్కుతుంటే ఒక వాసన వస్తుంది. లోపలి గాజు బుడ్ల మీద పేరుకున్న దుమ్ము మాడే వాసన, దానికి తోడు పాత చెక్కపెట్టె వాసనా, వైర్ల రబ్బరు మెత్తబడే వాసనా. శ్రీరామనవమి అంటే అందరికీ పానకం, వడపప్పు గుర్తొస్తాయి. నాకు ముందు ఈ వాసన, తర్వాతే పానకం.

మొన్న నాన్న సంవత్సరీకానికి ఊరెళ్ళాను. చుట్టాలంతా భోజనాలు చేసి ఎవరి బస్సు వాళ్ళు ఎక్కాక, ఎండ తగ్గేదాకా ఏమీ తోచక అన్నయ్యా నేనూ మైకు గది తలుపు తీశాం. గొడ్లసావిడి పక్కన చిన్న రేకుల గది అది. గొడ్లు పోయి చాలా ఏళ్ళయింది గానీ, ఆ గదిలో సామాను మాత్రం నాన్న ఉన్నన్నాళ్ళూ ఎవర్నీ కదపనివ్వలేదు. అల్యూమినియం హారన్లు ఒకదాంట్లో ఒకటి దోపి మూలకి పెట్టి ఉన్నాయి. వైరు చుట్టలు మేకులకి వేలాడుతున్నాయి. ఆహూజా ఆంప్లిఫయరు మీద గోనెపట్టా కప్పి, పైన ఇటుక పెట్టి ఉంది. ఎలకలకి భయపడి అనుకుంటా. అన్నయ్య పట్టా తీసి ఊరికే ప్లగ్గు పెట్టాడు. పనిచేస్తుందని ఇద్దరికీ నమ్మకం లేదు. ఎర్ర లైటు వెలిగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత వాసన వచ్చింది.

అన్నయ్య నా మొహం చూశాడు, నేను అన్నయ్య మొహం చూశాను. ఇద్దరం అక్కడే నేల మీద కూర్చుండిపోయాం.

*

మాది తెనాలికి దిగువన కాలవ గట్టు మీది ఊరు. తెనాలి చుట్టుపక్కల పుట్టినవాడికి నాటకం గురించి మాట్లాడే హక్కు పుట్టుకతోనే వస్తుందని మావాళ్ళ నమ్మకం. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో మొదలైంది తెనాలిలోనే. అది నాన్న పుట్టకముందు సంగతి. అయినా ఆయన చెబుతుంటే ఆ రోజు అక్కడ మైకు కట్టింది తనేనేమో అనిపించేది.

రెండెకరాల మాగాణి, ఒక మైకుసెట్టు, ఇవీ మా ఆస్తి. వరికోతలయి, చేలో చల్లిన మినుము కూడా ఇంటికి చేరి, రైతుల చేతిలో నాలుగు డబ్బులు ఆడే వేళకి నవమి పందిళ్ళు లేచేవి. అక్కణ్ణుంచి తొలకరి దాకా నాన్న రాత్రుళ్ళు ఇంట్లో పడుకున్నది తక్కువ. పెళ్ళిళ్ళకీ కట్టేవాడు గానీ ఆ పని ఆయనకి మొక్కుబడి. రికార్డు వేసి అరుగు మీద కునుకు తీసేవాడు. నాటకం అంటే మాత్రం ముందురోజే ఆంప్లిఫయరు తుడవడం మొదలయ్యేది.

మధ్యాహ్నం మూడింటికి ఎడ్లబండి కట్టేవాళ్ళం. అడుగున వరిగడ్డి పరిచి, దాని మీద ఆంప్లిఫయరు, పక్కన కారు బ్యాటరీ, రికార్డుల పెట్టె, పైన హారన్లు. కరెంటు ఏ సీన్లో పోతుందో ఎవరికీ తెలియదు కాబట్టి బ్యాటరీ లేకుండా నాన్న కదిలేవాడు కాదు. నేను హారన్లో తలపెట్టి నా గొంతు నేనే వింటూ కూర్చునేవాణ్ణి. సెలవులు కాబట్టి ఎవరూ వద్దనేవాళ్ళు కాదు.

బండి కదిలే ముందు అమ్మ గుమ్మంలోకొచ్చి ఎప్పుడూ ఒకే మాట అడిగేది. "ఏమండీ, పర్మిషన్ కాయితం పెట్టుకున్నారా?"

దానికో కథ ఉంది. మైకు పెట్టాలంటే పోలీసుల దగ్గర పర్మిషన్ రాయించుకోవాలి. ఒకసారి ఒక ఊళ్ళో, కాయితం కమిటీ వాళ్ళ దగ్గరుందని నాన్న, నాన్న దగ్గరుందని కమిటీ వాళ్ళు అనుకున్నారు. అర్ధరాత్రి జీపొచ్చింది. ఆంప్లిఫయరు ఎత్తుకెళ్ళి మూడు రోజులు ఉంచుకున్నారు. ఆ మూడు రోజులూ నాన్న సరిగ్గా అన్నం తినలేదు. అప్పట్నుంచీ కాయితం పూచీ అమ్మది. ఆవిడకి చదువు రాదు. కాయితం మీది గుండ్రటి ముద్ర చూసి, అదేనని తేల్చుకుని, మడిచి నాన్న జేబులో తనే పెట్టేది.

*

పందిరంటే తాటాకుల పందిరి. దగ్గరికెళ్తే కొత్త ఆకు పచ్చివాసన. ముందు నేల మీద నీళ్ళు చల్లేవాళ్ళు. పొద్దుగూకకముందే ఆడపిల్లలు చాపలు తెచ్చి పరిచి, వాటి మీద చెంబో చెప్పులో పెట్టి చోటు పట్టేసేవాళ్ళు. నాన్న వేపచెట్టుకీ, కరెంటు స్తంభం పక్కన పాతిన వెదురుకీ హారన్లు కట్టించి, మైకు మీద రెండుసార్లు వేలితో కొట్టి "హలో, హలో" అనేవాడు. ఆ రెండు హలోలు కాలవ అవతలి ఊళ్ళోకి వెళ్ళి తిరిగొచ్చేవి. అక్కడి జనం అన్నాలు తొందరగా తినేసేవాళ్ళు.

మొదటి రాత్రి హరికథ. పట్టుపంచె, మెడలో పూలదండ, కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు. మా ఊరొచ్చిన దాసుగార్లలో చాలామంది హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారిని తలుచుకునే కథ ఎత్తుకునేవాళ్ళు. మైకుసెట్టు వాడికి హరికథ పెద్ద పరీక్ష. దాసుగారు స్టేజీ ఆ చివరికెళ్ళి సీత అవుతాడు, ఈ చివరికొచ్చి రావణుడవుతాడు, మైకు మాత్రం మధ్యలో ఒంటరిగా నిలబడి ఉంటుంది. నాన్న చెయ్యి వాల్యూం బటన్ మీదనుంచి కదిలేది కాదు. దాసుగారు దూరం జరిగితే పెంచాలి, దగ్గరికొస్తే తగ్గించాలి, ఆలస్యమైతే మైకు కూత పెడుతుంది. కూత పెట్టిందంటే పందిరంతా వెనక్కి తిరిగి చూసేది నాన్న వైపే.

నేనోసారి ఆంప్లిఫయరు పక్కనే గాఢంగా నిద్రపోయాను. దాసుగారు యుద్ధకాండ చెబుతున్నారు. చిడతలు ఆపి, "లంకలో రాక్షసులంతా లేచి యుద్ధానికి బయల్దేరారు. మన మైకు కుర్రాడు మాత్రం కుంభకర్ణుడి పక్కలోనే ఉన్నాడు" అన్నారు. పందిరంతా నవ్వింది. నాన్నే లేపాడు నన్ను. చాలా ఏళ్ళు నన్ను ఊళ్ళో కుంభకర్ణుడనే పిలిచారు. ఇప్పటికీ ఒకరిద్దరు పిలుస్తారు.

బుర్రకథ రోజు మగవాళ్ళు ఎక్కువొచ్చేవాళ్ళు. మధ్యలో భుజాన తంబురాతో కథకుడు, వేళ్ళకి అందెలు. అటూ ఇటూ డక్కీలతో వంతలు, అంటే వంత పాడేవాళ్ళు. ఒక వంతది హాస్యం, ఇంకో వంతది రాజకీయం. అసలు కథ బొబ్బిలిదో పల్నాటిదో అయినా, మధ్యలో రాజకీయం వంత మా ఊరి రోడ్డు గుంటల గురించీ రేషన్ చక్కెర తూకం గురించీ ఒక మాట విసరకుండా ఉండేవాడు కాదు. ముందు వరసలో ప్రెసిడెంటు గారు కూర్చుని ఉండేవారు. ఆయన నవ్వాలా వద్దా అని అటూ ఇటూ చూడ్డం మాకు కథ కన్నా పెద్ద వినోదం. ముగ్గురూ కలిసి అడుగేస్తే బల్లల స్టేజీ ఊగి మైకు స్టాండు పడిపోయేది. నాన్న దాని కాళ్ళ మీద ఇసుక మూటలు వేసేవాడు.

బుర్రకథ అంటే నాన్నకి నాజర్ గారే. షేక్ నాజర్ గారిది గుంటూరు పక్కన పొన్నెకల్లు. ఆయన కథ దరిదాపుల్లో ఎక్కడున్నా నాన్న తన పని మానుకుని సైకిలెక్కేవాడు. 1986లో ఆయనకి పద్మశ్రీ వచ్చిందని పేపర్లో పడితే, ఆ ముక్క కత్తిరించి ఆంప్లిఫయరు పెట్టె మూత లోపలివైపు మెతుకులతో అంటించాడు. మొన్న మూత తీస్తే అది అలాగే ఉంది. బొమ్మ వెలిసిపోయింది, అక్షరాలు చదవొచ్చు.

*

పద్యనాటకం రాత్రి మాత్రం పండగే. కంట్రాక్టరు ఒకాయన ఉండేవాడు. ఫలానా ఊరి కృష్ణుణ్ణీ ఫలానా ఊరి దుర్యోధనుణ్ణీ మాట్లాడి, తేదీలు కుదిర్చి, గులాబీ రంగు కరపత్రాలు వేయించేవాడు. రాయబారం నాటకానికి ఇద్దరు కృష్ణులు, కమిటీకి డబ్బులెక్కువుంటే ముగ్గురు. పడక సీనుకి ఒకాయన, కౌరవ సభకి ఇంకొకాయన. తెర లేచేసరికి కృష్ణుడు ఒక అడుగు పొడుగు పెరిగి, గొంతు మారిపోయి వస్తే ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. పైగా ఏ కృష్ణుడు బాగా పాడాడన్నది మర్నాడు పొద్దున కాలవ రేవులో తేలేది.

స్టేజీ వెనక గడ్డివామి పక్కన మేకప్. అర్దళమనే పసుపురంగు రాయి నూరి కొబ్బరినూనెతో కలిపి మొహాలకి పట్టించేవాళ్ళు. సగం మీసం పెట్టుకున్న భీముడు బీడీ కాలుస్తూ కనిపించేవాడు. శకుని వచ్చి నన్ను మంచినీళ్ళడిగేవాడు. తెర ముందు వీళ్ళని చూసి జడుసుకునే పిల్లలకి ఈ సంగతులన్నీ చెప్పి నేను గొప్పలు పోయేవాణ్ణి.

కాళ్ళ హార్మోనియం ఒక మూల, దాని పక్కనే మాది. పైన దూలానికి రెండు మైకులు వేలాడదీసి, కింద ఒకటి నిలబెట్టేవాళ్ళం. పద్యం అయిపోయాక అసలు పని మొదలయ్యేది. నటుడు ఆఖరి అక్షరం పట్టుకుని రాగం తీస్తుంటే హార్మోనిస్టు గారు వెనకాలే వెళ్ళేవాడు, ఇద్దరూ పోటీ పడేవాళ్ళు, జనం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళు. రాగం దిగగానే "వన్స్ మోర్" అని అరుపులు. నాన్న కళ్ళు మూసుకుని ఉండేవాడు. ఆయన నాటకాలు వినడమే గానీ చూడ్డం నేను ఎరగను. ఒకసారి అడిగితే, "చూస్తే చెయ్యి ఆలస్యమవుద్దిరా" అన్నాడు.

మధ్యలో చదివింపులు. పద్యం బాగుందనిపించిన వాళ్ళు ఒక చీటీ, దానితో పదహారు రూపాయలో నూట పదహార్లో పంపేవాళ్ళు. అవి మైకులో చదవాలి. చదివే పని కమిటీ సెక్రటరీది. ఆయన సీను చూసేవాడు కాదు, చీటీ చూసేవాడు. ఒకసారి హరిశ్చంద్రలో చంద్రమతి చచ్చిపోయిన కొడుకు మీద పడి ఏడుస్తోంది. సెక్రటరీ గారు మైకు దగ్గరికొచ్చి, ఫలానా వారు లోహితాస్య పాత్రధారి చిరంజీవికి పదకొండు రూపాయలు బహూకరించారని చదివాడు. చచ్చిపోయిన లోహితుడు లేచి, దణ్ణం పెట్టి, మళ్ళీ పడుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. మళ్ళీ చంద్రమతి ఏడుపు ఎత్తుకోగానే ఆడవాళ్ళంతా కొంగులు కళ్ళకి అద్దుకున్నారు.

కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజామున మూడయ్యేది. బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకంలో కవి జాషువా గారి శ్మశానం పద్యాలు కలిపి పాడటం అప్పటికే ఆనవాయితీ. జాషువా గారిది అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న వినుకొండ. అక్షరం ముక్క రాని మా పాలేరుకి ఆ పద్యాలన్నీ వచ్చు. దమ్ములో ఎడ్ల వెనక నడుస్తూ అదే రాగం, అదే సాగదీతతో పాడేవాడు. ఎద్దులు ఆగిపోతే, "వన్స్ మోర్ అంటున్నాయి" అనేవాడు.

*

మా ఊరి చివర, చెరువు దాటాక ఒక పెంకుటిల్లు. అందులో మంచాన పడ్డ ఒక తాత ఉండేవాడు. వయసులో ఉండగా చంద్రమతి వేషం కట్టేవాడట. ఊరంతా ఆయన్ని చంద్రమతి తాత అనే అనేది. అందులో ఎగతాళి లేదు. ఆయనకి స్థానం నరసింహారావు గారంటే దేవుడు. స్థానం వారిది బాపట్ల, ఆడవేషాలు వేసే ఆయనకి 1956లోనే పద్మశ్రీ వచ్చింది. ఆ సంగతి తాత ఎవరొచ్చినా ఒకసారి చెప్పేవాడు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది.

మా ఊళ్ళో ఏ కార్యక్రమమైనా నాన్న నాలుగు హారన్లు కట్టేవాడు. మూడు జనం వైపు, నాలుగోది చెరువు వైపు. కమిటీ వాళ్ళకి అది నచ్చేది కాదు. అటు ఇళ్ళు లేవు, జనం లేరు, ఆ హారన్ కూడా ఇటు తిప్పితే ఇంకా గట్టిగా వినబడుతుంది కదా అని గొణిగేవాళ్ళు. నాన్న "ఊఁ" అనేవాడు. తిప్పేవాడు కాదు. దానికి విడిగా డబ్బులు కూడా అడిగేవాడు కాదు.

మర్నాడు పొద్దున్నే వైర్లు చుట్టి, నిద్ర కళ్ళతో ఆ పెంకుటింటికి వెళ్ళేవాడు. నేనూ వెంట. తాత ఎదురు చూస్తూ ఉండేవాడు. "ఏరా అబ్బాయ్, రెండో కృష్ణుడు శ్రుతి దిగాడు కదరా" అనేవాడు. "అవును బాబాయ్." "వాడి తప్పు కాదు. హార్మోనీ మెట్టు ఒకటి పట్టేస్తోంది, చూసుకోమను." నిజంగానే ఆ మెట్టు పట్టేస్తోందట. స్టేజీ పక్కనున్న వాళ్ళెవరూ గమనించలేదు. చెరువు అవతల పడుకున్న మనిషికి తెలిసింది.

ఒక చలికాలంలో తాత పోయాడు. ఆ తర్వాతి నవమికి నాన్న మూడు హారన్లే కట్టాడు. అన్నయ్య నాలుగోది బండి మీద ఎక్కిస్తుంటే దించేయమన్నాడు.

*

పల్నాడు వైపు కూడా వెళ్ళేవాళ్ళం. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళంటే మైకుసెట్ల వాళ్ళందరికీ పోటీ. కావూరు, పురుషోత్తపట్నం లాంటి ఊళ్ళ ప్రభలు, అంటే అలంకరించిన వెదురు కట్టడాలు, 80, 90 అడుగుల ఎత్తున లైట్లతో వస్తుంటే, ఒక్కో ప్రభకి ఒక్కో మైకు. ఎవరి పాట ఎవరికీ వినబడేది కాదు. ఆ రాత్రి తర్వాత నాన్న రెండు రోజులు గట్టిగా మాట్లాడేవాడు. నాకు అక్కడ గుర్తున్నది దుమ్ము, చెరకు, తప్పిపోయిన పిల్లల అనౌన్స్‌మెంట్లు. అంతే.

కారంపూడి వేరు. కార్తీకంలో, నాగులేటి ఒడ్డున పల్నాటి వీరుల ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు, ఇలా అయిదు రోజులు. యుద్ధమంతా మళ్ళీ జరిగినట్టే. వీరుల పూజారులు ఊరూరి నుంచి కొణతాలు, అంటే ఆ వీరుల ఆయుధాలు, భుజాన మోసుకుని వచ్చేవాళ్ళు. మందపోరు నాడు బ్రహ్మనాయుడి చాపకూడు. పరిచిన చాపల మీద అన్నం రాశి పోస్తే ఎవరు ఏ కులమని అడక్కుండా కూర్చుని తినడం. నాన్నా నేనూ తిన్నాం. పులుసు కారం నసాళానికి అంటి నేను ఏడిస్తే, పక్కనున్న ముసలాయన నా నెత్తి మీద తట్టి బెల్లం ముక్క పెట్టాడు.

ఆ రాత్రి పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతుల్లో ఒకాయన కథ చెప్పాడు. చేతిలో కత్తి, డాలు, వెనక పంబజోడు వాయిద్యం. నాన్న అలవాటుగా మైకు స్టాండు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాడు. ఆయన దాన్ని ఒకసారి చూసి, కత్తి మొనతో పక్కకి జరిపి, "ఇది అడ్డం నాయనా" అన్నాడు. అని గొంతెత్తాడు. బాలచంద్రుడు యుద్ధానికి వెళ్ళే ఘట్టం. నాన్న ఆంప్లిఫయరు కట్టేసి వచ్చి జనంలో కూర్చున్నాడు. ఒక మనిషి పాడుతుంటే నాన్న కళ్ళు తెరిచి చూడ్డం నాకు తెలిసి అదొక్కసారే.

*

తర్వాత సంగతులు అందరికీ తెలిసినవే. పందిట్లోకి వీడియో వచ్చింది, తర్వాత రికార్డింగ్ డాన్సు, తర్వాత డీజే. నాన్నని ముంచింది అవి కాదని నా అభిప్రాయం. 2000లో ధ్వని కాలుష్యం రూల్సు వచ్చాయి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకు వద్దు. పండగలకి సర్కారు సడలించినా ఏడాదికి 15 రోజులకి మించకుండా, అదీ 12 దాకానే. రూలు మంచిదే, హైదరాబాదులో మా అపార్ట్‌మెంట్ పక్కన డీజే మోగితే నేనే ఫోన్ చేసి ఆ రూలు గుర్తుచేస్తాను. కాకపోతే పద్యనాటకం లెక్క వేరు. పన్నెండింటికి పడక సీనే అవదు. రెండో కృష్ణుడు మేకప్పు వేసుకుని కూర్చోవాల్సిందే. హరిశ్చంద్రుడు కాటికి చేరేది లేదు.

నాటకం ఆగిపోలేదు. హాళ్ళలోకి వెళ్ళింది. పరిషత్తు పోటీలు మావైపు ఇంకా జరుగుతున్నాయి, గంటలో అయిపోయే నాటికలు, జడ్జీలు, బహుమతులు. కొన్ని నిజంగా బాగుంటాయి. నాన్న చివరి రోజుల్లో ఒకసారి అన్నయ్య తెనాలిలో పరిషత్తు నాటకానికి తీసుకెళ్ళాడు. వెనక వరసలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడట. అయ్యాక ఎలా ఉంది నాన్నా అంటే, "కథ బాగుంది. మైకు ఎక్కడుందో కనబళ్ళేదు" అన్నాడట. చొక్కాలకి తగిలించుకుంటారని చెబితే కాసేపు ఆలోచించి, "అయితే గొంతెత్తక్కర్లేదు. అందుకే ఎత్తట్లేదు" అన్నాడట.

*

ఆంప్లిఫయరు సన్నగా గుయ్‌మంటోంది. అన్నయ్య మూలనున్న హారన్ ఒకటి తెచ్చి, నోటితో బూజు ఊది, రెండు వైర్లు కలిపాడు. మైకు జాలీలో తుప్పు కనబడుతోంది. వేలితో రెండుసార్లు కొట్టాడు. టక్ టక్ అని రేకులన్నీ అదిరాయి. గది చూరు మీంచి రెండు పావురాలు లేచిపోయాయి.

"హలో" అన్నాడు అన్నయ్య. అచ్చం నాన్న గొంతు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి అమ్మ గొంతు వినిపించింది.

"పర్మిషన్ కాయితం ఉందా?"